చారెడు చెక్క

కృపారావు చేతి గడియారంలో రెండు కావడానికి పది నిమిషాలు తక్కువ. జగ్గయ్యపేట పోలీసు స్టేషను గోడమీది గడియారంలో ఇరవై నిమిషాలు తక్కువ.

"మీ గడియారం పది నిమిషాలు వెనకుంది, ఇన్‌స్పెక్టరు గారూ," అన్నాడు కృపారావు, కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

"అది గవర్నమెంటు గడియారం. మీదే ముందుంది," అన్నాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ జగన్నాథరావు. అని ఊరుకోకుండా, తన చేతి గడియారాన్ని గోడగడియారంతో సరిచూసుకుని తృప్తిగా చెయ్యి దించాడు.

కృపారావు ఆ రెండు గడియారాలవైపూ చూశాడు. టైమెంతయిందో తెలియని స్టేషన్లో హత్యకేసు ఒక్కరోజులో తేలిపోయిందంటే, ఎలా తేలిందో అతనికి అడగకుండానే అర్థమైంది.

సోమవారం సాయంత్రం ఏడింటికి బసవయ్య రోజూలాగే భోజనానికి ముందు అరగ్లాసు నేరేడు వైను తాగాడు. సున్నపురాయి గనులూ, మిరప తోటలూ ఉన్న పెద్ద ఆసామి. తొమ్మిదింటికల్లా పోయాడు. సీసా అడుగున దిగిన మడ్డిలో పచ్చగన్నేరు పప్పు ఉందని మంగళవారం మధ్యాహ్నం గవర్నమెంటు డాక్టరు చెప్పాడు. సాయంత్రం అయిదింటికి, ఆ ఊళ్ళో నేరేడు వైను చేసే ఒకే ఒక మనిషి ఆరోగ్యమ్మని పట్టుకొచ్చి స్టేషన్లో కూర్చోబెట్టారు. ఇవాళ బుధవారం. నాలుగున్నరకి ఆమెని జీపెక్కించి నందిగామ మేజిస్ట్రేటు ముందు పెడతారు. ఆ తరవాత ఆ అరవై రెండేళ్ళ మనిషి జైలుగోడల అవతల పడితే ఆమె మాట వినేవాడుండడు. కూతురు పుష్పవతి కంచికచర్లలో టీచరు. పొద్దున్నే బెజవాడ వచ్చి, కృపారావు గుమ్మంలో నిలబడి ఏడ్చింది.

కృపారావు ఎక్సైజు శాఖలో ఇరవై ఏళ్ళు సబిన్‌స్పెక్టరుగా చేశాడు. పెద్దవాళ్ళ బట్టీలు చూసీ చూడనట్టు వదిలి, పేదవాళ్ళ కుండలు పగలగొట్టే ఉద్యోగం మీద రోతపుట్టి రాజీనామా ఇచ్చాడు. ఇప్పుడు ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్నాడు. అతని ముక్కుకి జిల్లాలో పేరుంది. నోటికి అంతకంటే పేరుంది.

"ఎందుకు చంపిందంటారు?" అన్నాడు.

"పోయిన నెల బసవయ్య గారు తన తోటలో నేరేడు పళ్ళు ఏరొద్దని కేకలేశారు. అదీ కారణం."

"పళ్ళు ఏరొద్దన్నందుకు ప్రాణం తీసిందా?"

"మీవాళ్ళ కోపాలు మీకే తెలియాలి."

"మావాళ్ళ చేతి వైను మీవాళ్ళు పదేళ్ళుగా తాగుతున్నారు. ఇన్నాళ్ళూ ఒక్కడూ పోలేదు. అరుగుదల మందని పేరుపెట్టుకుని, దొడ్డిదారిన తెప్పించుకుని, ముందుదారిన ఆవిణ్ణి సారాదంటారు. మీవాళ్ళ మర్యాదలు మీకే తెలియాలి."

జగన్నాథరావు మొహం కందింది. అయినా నవ్వాడు. గెలిచానని నమ్మకంగా ఉన్నవాడి నవ్వు అది.

"వైనంటే ఏమిటో మీకేం తెలుసండీ, కుండలు పగలగొట్టుకు బతికినవారు! అసలు సరుకు మా ఇంట్లో ఉంది, గోవాది. నిన్న సాయంత్రమే ఒక స్నేహితుడు పంపించాడు. పొద్దున బిరడా తీసి చూశా. ఏం వాసన! ఇల్లంతా ఘుమఘుమ. మా అమ్మాయి ప్రమీలారాణి బాలింత. రోజూ అయిదింటికి చెంచాడు బ్రాందీ వేణ్ణీళ్ళలో కలిపి పోస్తుంది మా అత్తగారు. నిన్నటితో బ్రాందీ అయిపోయింది. ఇవాళ్టినించి ఆ గోవాదే పొయ్యమని చెప్పొచ్చా. అదీ వైనంటే. ఈ ముసల్దాని పులుసునీళ్ళు కాదు."

"సంతోషం. ఆ పులుసునీళ్ళ మనిషితో మాట్లాడొచ్చా?"

"మాట్లాడండి, ఊరంతా తిరగండి. నాలుగున్నరకి మాత్రం జీపు కదుల్తుంది. రాత్రి భోజనానికి నేను నందిగామలో మా ఇంట్లో ఉండాలి."

ఆరోగ్యమ్మ వెనక వసారాలో గోడకి ఆనుకుని నేలమీద కూర్చుని ఉంది. పక్కన కాపలాకి కానిస్టేబులు పుల్లయ్య. కృపారావు ఆమె ఎదురుగా నేలమీదే చతికిలబడ్డాడు. ఆమె కంగారుపడి ఇంకొంచెం గోడకి ఒదిగింది.

ఒకప్పుడు మఠంలో విదేశీ సిస్టర్ల దగ్గర ఇరవైరెండేళ్ళు వంటమనిషిగా చేసిందామె. తోటలో కాసిన ద్రాక్ష, బత్తాయి పళ్ళతో వైను చెయ్యడం ఒక ముసలి సిస్టరు నేర్పింది. సిస్టర్లు వెళ్ళిపోయారు. ద్రాక్ష పందిరీ పోయింది. ఆరోగ్యమ్మ ఆ విద్యని కాలవగట్టు నేరేడు పళ్ళకీ, ఈత పళ్ళకీ, అడవి నించి వచ్చే ఇప్పపువ్వుకీ తన పద్ధతిలో మలుచుకుంది.

"పెద్దమ్మా, ఆ సీసా నీదేనా?"

"నాదో కాదో నాకు చూపిస్తేగా నాయనా! చూపించలా. వేలిముద్ర మాత్రం ఏయించుకున్నారు."

"దేనిమీద?"

"ఏందో కాయితం. అక్కడెక్కణ్ణుంచో రాసుకొచ్చిందే తెచ్చారు. చదివి చెప్పమంటే కసిరారు."

"నిన్నేమీ అడగలేదా?"

"చంపావా అనడిగారు. లేదన్నా. ఇంకేం అడగలా."

"బసవయ్యకి సీసా ఎప్పుడిచ్చావు?"

"ఈ ఏడు ఎవరికిచ్చా? ఆరోగ్యమాత పండగ కాకుండా జాడీ మీద వాసెన గుడ్డ ఇప్పను. పండగ ఇంకా పదిహేను రోజులుంది. రెండు జాడీలూ కట్టినయ్యి కట్టినట్టే ఉన్నాయి, పోయి చూసుకోండి."

"ఎప్పుడు కట్టావు? ఏమేం వేశావు?"

"ఆరుద్ర కార్తెలో కట్టా. తట్టెడు పళ్ళు, రెండచ్చుల బెల్లం, చారెడు చెక్క. చెక్క పడందే ఊట లెగవదుగా. మూణ్ణాళ్ళు పొద్దునా సాయంత్రం తిప్పి, వాసెన కట్టి, ఇంక దాని జోలికి పోను."

కృపారావు తలూపాడు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో అలాంటి ఊటలు వందలకొద్దీ చూశాడు. ఇంకో మాట అడగనక్కర్లేకపోయింది.

"ఇది ఎవరికైనా చెప్పావా?"

ఆమె ఆలోచించింది. "పోయినేడు బసవయ్యగారే అడిగారు, ఇంట్లో చేయించుకుంటానని. ఆయన అరుగుమీద కూచున్నారు, నేను మెట్లకింద నిలబడ్డా. నేనో మాట చెబితే ఆయన ఆ మాటే లోపలికి అనేవారు. కిటికీ అవతల ఎవరో రాసుకున్నారు. తీరా రాయించి, నీ అంత ఓపిక మాకేదిలే, నువ్వే పంపించు అన్నారు."

"రాసిందెవరు?"

"మొహం అవపళ్ళేదు నాయనా. మనం అరుగెక్కంగా." ఆమె అతని మొహంలోకి చూసింది. "ఉరేస్తారా? పిల్ల ఉజ్జోగం తీసేస్తారా?"

ఓదార్పు మాటలు కృపారావుకి చేతకావు. "నాలుగున్నర లోపల వస్తా," అని లేచాడు.

బసవయ్య ఇంటికి చేరేసరికి రెండుంబావు. బసవయ్య భార్య రాఘవమ్మ ముందుగదిలో చాపమీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయినా మాట మాత్రం తొణకలేదు.

"ఆ సీసా మీ ఇంటికి ఎవరు తెచ్చారండీ?"

"ఆరోగ్యమ్మే. ఆదివారం పొద్దున."

"మీరు చూశారా?"

"నేను చూళ్ళేదు. అది పెరటిదోవన వచ్చి పోతుంది. మా తమ్ముడు బుల్లిబాబు తీసుకుని మేడమీద అలమరలో పెట్టాడు."

"ఇంట్లో ఎవరెవరుంటారు?"

"ఆయనా, నేనూ, తమ్ముడూ. మాకు పిల్లల్లేరుగా. వచ్చే శుక్రవారం మా బావగారి మనవణ్ణి దత్తత తీసుకుందామనుకున్నాం. ముహూర్తం కూడా తమ్ముడే పెట్టించాడు పాపం." ఆమె చెంగుతో కళ్ళొత్తుకుంది.

ఆ 'పాపం' అనే మాట కృపారావు చెవిలో ముల్లులా గుచ్చుకుంది. పదిహేనేళ్ళుగా ఆ ఇంట్లో పెత్తనం చేస్తున్న బావమరిది, శుక్రవారం దాటితే వట్టి చుట్టంగా మిగిలేవాడు.

మేడమీది గదిలో పోలీసులు చేసిన ఘనకార్యం అడుగడుగునా కనపడుతూనే ఉంది. సీసా తీసుకెళ్ళారు, గ్లాసు తీసుకెళ్ళారు. గ్లాసు పెట్టిన చోట సుద్దతో గుండ్రంగా గీత గీశారు. ఆ గీతలోనే ఎవరో బీడీ నలిపారు. మంచంకింద బూటు జాడలున్నాయి. అవి పోలీసు బూట్లవే. ఇంత హడావిడి చేసినవాళ్ళు కిటికీ రెక్క లాగి చూడలేదు. కృపారావు లాగాడు. రెక్క వెనక, ఊచకి చిన్న మల్లుగుడ్డ ఆరేసి ఉంది. ఎండి అట్టకట్టింది. మధ్యలో నేరేడు రంగు మరక.

"ఇదేమిటండీ?" అని గుమ్మంలో నిలబడ్డ రాఘవమ్మని అడిగాడు.

"ఆయన వడకట్టుకునే గుడ్డ. మడ్డి పంటికింద పడితే ఆయనకి చిరాకు. సోమవారం కూడా అందులోనే వడకట్టుకుని, తడి పిండి ఆయనే అక్కడ ఆరేసుకున్నారు."

"పోలీసులు అడగలేదా?"

"మసిగుడ్డ అనుకున్నారు కాబోలు."

కృపారావు గుడ్డని వెలుతురుకి పట్టి చూశాడు. మరకలో తెల్లటి నలుసులున్నాయి. గన్నేరు పప్పు తాలూకువి కావచ్చు. వాటి పక్కన, గోరంత పొడుగున, చుట్టలా మెలిపడ్డ గోధుమరంగు పెచ్చు ఒకటి అంటుకుని ఉంది. దాన్ని గోటితో తుంచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒక్కసారి చాలదన్నట్టు మళ్ళీ పీల్చాడు. తరవాత పెదవి విరిచి నవ్వాడు. ఆ నవ్వు చూసి రాఘవమ్మకి భయం వేసింది.

"అమ్మా, మీ ఇంట్లో చెక్క ఉందా?"

"మసాలా చెక్కా? పులావులో వేసేదేగా? ఎందుకడుగుతారు ఆ గొడవ! జూలై మొదటివారంలో మా ఆడబడుచు వాళ్ళొస్తారని డబ్బాడు తెప్పించా. మర్నాడు పొద్దున చూస్తే డబ్బా ఖాళీ. లవంగాలు లవంగాలే ఉన్నాయి, యాలకులు యాలకులే ఉన్నాయి, దాల్చినచెక్క ఒక్కటే మాయం! పనిమనిషి పుల్లమ్మే తీసిందని మాన్పించేశా."

"ఒప్పుకుందా?"

"ఒప్పుకుంటుందా! దాంతో నేనేం చేసుకుంటానమ్మా, మా ఇంట్లో కూరే ఉండదు అని ఏడ్చింది."

కృపారావు ఆమెవైపు చూసిన చూపులో జాలి లేదు. జూలై మొదటివారమంటే నేరేడు పళ్ళు రాలే రోజులు. పళ్ళ కాలంలో ఒక్క దాల్చినచెక్కని మాత్రం ఏరి ఎత్తుకెళ్ళిన దొంగ ఇంట్లోనే ఉంటే, ఈవిడ చీపురుపట్టే మనిషిని బజార్న పడేసింది.

"ఏం కృపారావ్, గుడ్డలు వాసన చూస్తున్నావేంటి? ఎక్సైజు అలవాటు ఇంకా పోలా?"

బుల్లిబాబు మెట్లెక్కి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. ఇంట్లో చావు జరిగి రెండు రోజులు కాలేదు, లాల్చీకి ఇస్త్రీ మడత చెదరలేదు. కృపారావు గుడ్డని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆదివారం సీసా ఎన్నింటికి తీసుకున్నారండీ బుల్లిబాబు గారూ?"

"పదింటికి. పెరటి గుమ్మంలో."

"ఆరోగ్యమ్మ ఏమంది?"

"కొత్త సరుకు, అయ్యగారికియ్యమంది. ఎన్నిసార్లు చెప్పాలి? ఇన్‌స్పెక్టరికి నిన్ననే చెప్పా."

"నిన్న ఆయన ఇక్కడికొచ్చారా?"

"భోజనం చేసి వెళ్ళాడు. ఏం, తప్పా?"

"శవం లేచిన ఇంట్లో భోజనం చెయ్యడానికి గట్టి మనసుండాలి. సరే, ఆరోగ్యమ్మ ఆ వైనులో ఏమేం వేస్తుందో మీకు తెలుసా?"

"నాకెందుకు తెలుస్తుంది? వాళ్ళ కంపు వంటల గురించి నేను కనుక్కుంటానా?"

"ఎప్పుడూ విన్లేదా? పోయినేడు అరుగుమీద మీ బావగారికి చెప్పిందట."

"విన్లేదు. నేను ఊళ్ళోనే లేనేమో."

"ఎవరూ మీకు చెప్పనూ లేదు?"

"లేదన్నాగా! ఆ వైను కథేంటో నాకు అక్షరం తెలీదు. ఇంక దిగు కిందకి."

"ఆ మాట మార్చకండి," అన్నాడు కృపారావు. "మీలాంటి వాళ్ళు నిజం చెప్పినప్పటికంటే అబద్ధం చెప్పినప్పుడే నాకు ఎక్కువ ఉపయోగపడతారు."

బుల్లిబాబు చెయ్యెత్తబోయి, అక్క అక్కడే ఉందని గుర్తొచ్చి దించుకున్నాడు. కృపారావు అతన్ని రాసుకుంటూ మెట్లు దిగాడు.

అక్కణ్ణించి అతను పుల్లమ్మ గుడిసె వెతుక్కుంటూ పోయి, దాల్చినచెక్క తను ముట్టలేదన్న ఆమె మాటా విన్నాడు. తిరిగి స్టేషను చేరేసరికి నాలుగుంబావు. జీపు గేటు దగ్గర సిద్ధంగా ఉంది. అతను పుల్లయ్యని పక్కకి పిలిచాడు.

"పుల్లయ్యా, ఆరోగ్యమ్మ ఇంటికి సైకిలు మీద వెళ్ళు. జాడీల గుడ్డలు విప్పారో లేదో చూడు. దాంతోపాటు ఆవిడ వైనులో వేసే చెక్క కాస్త పట్రా."

"అట్టాగేనండి," అని పుల్లయ్య బయల్దేరాడు. ఏ చెక్క అని అడగలేదు.

జగన్నాథరావు టోపీ పెట్టుకుని తయారుగా ఉన్నాడు. కృపారావు గుడ్డ తీసి బల్లమీద పరిచాడు. "మీరు మసిగుడ్డని వదిలేసిన సాక్ష్యం ఇది. బసవయ్య వైను వడకట్టిన గుడ్డ. ఆ పెచ్చు వాసన చూడండి."

ఇన్‌స్పెక్టరు అయిష్టంగా వంగి చూశాడు. "దాల్చినచెక్క."

"కదా?"

"కదా ఏంటండీ!" జగన్నాథరావు బల్ల గుద్ది పకపకా నవ్వాడు. "మీరు ముసల్దాన్ని విడిపించడానికి వచ్చారా, ఉరి బిగించడానికి వచ్చారా? ఇదిగో వాంగ్మూలం, చదువుతా వినండి. 'నేను తట్టెడు నేరేడు పండ్లు, రెండచ్చుల బెల్లము, చారెడు చెక్క వేసి వైను తయారుచేయుదును.' చారెడు చెక్క! సీసాలో ఉన్నదీ చెక్కే. అందులో వేసే దినుసు ఇందులో ఉంది. సీసా దానిదే అనడానికి ఇంతకంటే ఏం కావాలి? మిమ్మల్ని ప్రాసిక్యూషను సాక్షిగా వేస్తాను."

"వేద్దురుగాని. పావుగంట ఆగండి."

"నేనెందుకాగాలి?"

"మేజిస్ట్రేటు ముందు నవ్వులపాలు కాకుండా ఉండడానికి."

వాదన మరో పది నిమిషాలు సాగింది. జగన్నాథరావు ఆరోగ్యమ్మని జీపు దగ్గరికి నడిపించమన్నాడు. హెడ్డు కానిస్టేబులు ఆమెని రెక్క పట్టుకుని వసారాలోంచి ఆ గదిలోకి తీసుకొచ్చాడు. అంతలో పుల్లయ్య చెమటలు కక్కుతూ వచ్చాడు. జాడీల గుడ్డలు విప్పలేదని చెప్పి, జేబురుమాల్లో కట్టిన మూట విప్పి బల్లమీద పెట్టాడు. నల్లగా, బీటలు వారి, బండగా ఉన్న చెట్టు బెరడు ముక్కలు.

"ఏంట్రా ఈ పొయ్యిలో పుల్లలు?" అన్నాడు జగన్నాథరావు.

"చెక్కండి."

"ఇది చెక్కేంట్రా?"

"తుమ్మచెక్కండి. ఊటలో ఏసేది ఇదేగా," అన్నాడు పుల్లయ్య, ఇంత చిన్న సంగతి తెలియనివాళ్ళు కూడా ఉంటారా అన్నట్టు.

ఆరోగ్యమ్మ ఆ ముక్కలవైపూ గుడ్డమీది పెచ్చువైపూ మార్చి మార్చి చూసింది. "దాల్చినచెక్కా? అది నేనెక్కణ్ణించి తెస్తానయ్యా? సిస్టర్లు పండగనాడు కేకులో ఏస్తుంటే చూశా. దాంతో ఊట లెగుస్తుందా ఎక్కడన్నా?"

కృపారావు నెమ్మదిగా అందుకున్నాడు.

"ఈ స్టేషన్లో కానిస్టేబులుకి తెలుసు. నాకు తెలుసు. పొలం పనికెళ్ళే ప్రతివాడికీ తెలుసు. ఊట దగ్గర చెక్క అంటే తుమ్మచెక్కే. వంటింట్లో పులావు వండుకునేవాళ్ళకి మాత్రం చెక్క అంటే దాల్చినచెక్క. బసవయ్యని చంపినవాడు ఆరోగ్యమ్మ వైనులాంటిదే చేసి, నేరం ఆవిడ మీదికి తోద్దామనుకున్నాడు. కాయితంమీద 'చారెడు చెక్క' అని రాసుకున్నాడు. ఏ చెక్క అని ఆవిణ్ణడగడం నామోషీ. వంటింటి డబ్బా దులిపి పోసేశాడు. పెద్ద కులం, పెద్ద ఇల్లు, పెద్ద తెలివి. ఇన్‌స్పెక్టరు గారూ, మీరూ అదే పొరపాటు చేశారు కాబట్టి వాడి బుర్ర ఎలా పనిచేసిందో మీకు అర్థమయ్యే ఉంటుంది."

"నోరు అదుపులో పెట్టుకోండి!"

"ముందు దీనికి జవాబు చెప్పండి. ఆరోగ్యమ్మ మీకీ తట్టెడు పళ్ళూ, రెండచ్చులూ ఎప్పుడు చెప్పింది?"

"వాంగ్మూలంలో..."

"నేను చెప్పలేదండయ్యా," అంది ఆరోగ్యమ్మ. "ఏమేం ఏస్తావని నన్నెవరూ అడగలా."

"ఆవిడ చెప్పలేదు. మీకు తెలీదు. మరి ఈ మాటలు మీ కాయితంలోకి ఎక్కణ్ణించొచ్చాయి? నిన్న మధ్యాహ్నం భోజనం చేసి, ఎవరు చెబుతుంటే రాసుకున్నారు?"

జగన్నాథరావు పెదాలు తడుపుకున్నాడు. హెడ్డు వైపు చూశాడు. హెడ్డు నేలచూపులు చూశాడు.

"బుల్లిబాబు... టైము కలిసొస్తుందని... ఎలా చేస్తుందో నాకు తెలుసు, రాసుకోండన్నాడు."

"ఆ బుల్లిబాబే రెండు గంటల క్రితం వాళ్ళక్క ఎదురుగా మూడుసార్లు చెప్పాడు, ఆ వైను గురించి తనకి అక్షరం తెలీదని. కిటికీ అవతల కూర్చుని రాసుకున్నది అతనే. మీరు ఒక హంతకుడు చెప్పింది రాసుకుని, దానికింద ఈవిడ వేలిముద్ర వేయించారు. ఇరవై ఏళ్ళు కుండలు పగలగొట్టినవాణ్ణే గానీ, ఇంత నీచమైన పని నేనెన్నడూ చెయ్యలేదు."

జగన్నాథరావు కుర్చీలో కూలబడ్డాడు. టోపీ ఒళ్ళోకి జారింది. ఆరోగ్యమ్మ రెక్క పట్టుకున్న హెడ్డు, ఎవరూ చెప్పకుండానే వదిలేశాడు.

కృపారావుకి ఇంకా కసి తీరలేదు. ఇంకో నాలుగు మాటలు అనడానికి నోరు తెరిచి, హఠాత్తుగా ఆగిపోయాడు. డబ్బాడు దాల్చినచెక్క పడేది జాడీలో. జాడీలోంచి దిగేది ఒక్క సీసా కాదు.

"ఆ కాయితం బుల్లిబాబు రాయించాడని తెలిసినవాళ్ళు ఎందరు?"

"నేనొక్కణ్ణే. హెడ్డు బయటున్నాడు."

"గోవా సీసా పంపిన స్నేహితుడెవరు?"

జగన్నాథరావు బల్లమీది వాంగ్మూలం వైపు చూశాడు. పేరు చెప్పక్కర్లేకపోయింది.

"ఎన్నింటికి పంపాడు?"

"నిన్న... వేలిముద్ర వేయించి, పనయిపోయిందని ఫోను చేశా. గంటకల్లా మనిషిచేత నందిగామ పంపించాడు."

"సీసా మీద కంపెనీ కాయితం ఉందా?"

"లేదు. గోవా అని చేత్తో రాసుంది."

"పొద్దున బిరడా తీశానన్నారు. ఏం వాసనొచ్చింది?"

జగన్నాథరావు కళ్ళు గుడ్డమీది పెచ్చు దగ్గర ఆగిపోయాయి. "దాల్చిన..." అన్నాడు.

"అది మీకోసం పంపింది. మీరు తాగితే ఆ కాయితం సంగతి తెలిసినవాడు మిగలడనుకున్నాడు. మీ ఇంట్లో బాలింత ఉందని వాడికి తెలీదు."

ఇన్‌స్పెక్టరు ఫోను మీద పడ్డాడు. "హలో, ఎక్స్ఛేంజ్! నందిగామ, మా ఇల్లు! లైట్నింగ్ కాల్! సి.ఐ.ని మాట్లాడుతున్నా... ఖాళీ లేకపోవడమేంటమ్మా? ఎవడిదైనా కట్ చెయ్! కట్ చెయ్యమంటున్నా!" గొంతు చిరిగిపోయింది.

ఆ మనిషి మీద కృపారావుకున్న ఏవగింపులో రవ్వంత కూడా తగ్గలేదు. కానీ ఎన్నడూ చూడని ఆ పిల్లనీ, పక్కలో ఉండే పసిగుడ్డునీ తలుచుకుని, అతనూ ఫోను దగ్గరికి వచ్చాడు. మధ్యాహ్నం గోవా సీసా గొప్ప విన్నప్పుడు, ఎవరిచ్చారని ఒక్క ప్రశ్న తను అడిగుంటే సరిపోయేది. ఇన్‌స్పెక్టరుని చీదరించుకునే సరదాలో ఆ ప్రశ్న తనకీ తోచలేదు.

"లైను కలుపుతున్నారట," అన్నాడు జగన్నాథరావు. తల ఎత్తి, గోడగడియారం చూశాడు. చేతి గడియారం చూసుకున్నాడు. రెంట్లోనూ అయిదుకి పది తక్కువ. "ఇంకా పది నిమిషాలుంది. మా అత్తగారు టైము తప్పదు. సరిగ్గా అయిదు కొడితేనే పోస్తుంది. పది నిమిషాలుందండీ, పరవాలేదు. పరవాలేదు కదూ?"

ఆరోగ్యమ్మ ఒక అడుగు ముందుకేసింది. తనని ఉరికంబం దాకా నడిపించబోయిన మనిషిని ఆమె చూడనే లేదు. చేతులు రెండూ గుండెకి హత్తుకుని కృపారావు వైపు తిరిగింది.

"బాలింతా?" అంది. "ఎంతయింది నాయనా ఇప్పుడు?"

కృపారావు తన గడియారం చూసుకున్నాడు.

"అయిదయింది, పెద్దమ్మా."